బల్ల మీద తిరిగి జేబులో ఆగిపోయే గడియారం

గడియారం సొంతదారు ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఆయన ఎవరో తెలిసే వివరాలు తీసేశాను, గడియారం సీరియల్ నంబర్ కూడా ఇవ్వడం లేదు. ఇందులో తప్పు ఎక్కువగా నాదే.

నేపథ్యం

హైదరాబాద్ సుల్తాన్ బజార్ వెనక సందులో నాకో చిన్న గది ఉంది. పన్నెండేళ్ళుగా పాత జేబు గడియారాలు మాత్రమే బాగుచేస్తున్నాను. మార్చి మొదట్లో ఒకరోజు డెబ్భై దాటిన పెద్దాయన ఒకరు వచ్చి, సంచిలోంచి రుమాలు మూట తీసి, ముడి విప్పి నా ముందు పెట్టారు. వెండి గడియారం, తెల్లటి పింగాణీ డయల్. ఆరు అంకె దగ్గర సెకన్ల ముల్లుకు వేరే చిన్న వలయం. తాతగారిదట. తాతగారు నిజాం రైల్వేలో పనిచేశారు కాబట్టి ఇది రైల్వే వాళ్ళు ఇచ్చిందేనని ఇంట్లో మూడు తరాలుగా చెప్పుకుంటున్నారు.

"బల్ల మీద పెడితే ముప్పై గంటలు తిరుగుతుంది బాబూ. జేబులో వేసుకుంటే గుడికి చేరేలోపు ఆగిపోతుంది. కాస్త కదిపితే మళ్ళీ నడుస్తుంది" అన్నారు.

అంతకుముందు రెండేళ్ళలో ఇద్దరికి చూపించారట. ఒకాయన మెయిన్ స్ప్రింగ్ (కీ ఇస్తే బిగిసి గడియారాన్ని నడిపేది) విరిగిందని కొత్తది వేశాడు. ఇంకొకాయన "మొత్తం కడిగి" ఇచ్చాడు. దేంతో కడిగాడో ఆయనకు తెలియదు. నేనూ అప్పుడు పట్టించుకోలేదు. తర్వాత కథంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

మిగతావి మాత్రం అడిగాను. కీ ఎప్పుడు ఇస్తారు? పొద్దున స్నానం కాగానే, పూర్తిగా బిగిసే దాకా. తర్వాత? వెంటనే స్కూటర్ మీద బయటికి. ఏ జేబు? చొక్కా జేబు. ఫోన్ ఎక్కడ పెడతారు? "అదే జేబులో" అన్నారు.

మొదటి చూపు

వెనక మూత తీస్తే లోపల వాల్తమ్ కంపెనీ మూవ్‌మెంట్, అంటే గడియారాన్ని నడిపే యంత్రం. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో తయారైనది, నంబర్‌ను బట్టి 1907 ప్రాంతానిది. నికెల్ ప్లేట్ల మీద అలలు అలలుగా చెక్కిన గీతలు, వెలుతురు వాలుగా పడితే పట్టుచీర మడతలా కదులుతాయి. ఐగ్లాస్ (కంటికి పెట్టుకునే భూతద్దం) పెద్దాయన చేతికిచ్చి చూడమన్నాను. నలభై ఏళ్ళుగా తన దగ్గరే ఉన్న గడియారం లోపల ఏముందో ఆయన చూడటం అదే మొదటిసారి. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇలాంటివి తెచ్చినవాళ్ళకు పని మొదలుపెట్టకముందే లోపలంతా చూపిస్తాను. ఆ తర్వాత రిపేరు ఎందుకు ఆలస్యమవుతోందని అడిగేవాళ్ళు తక్కువ.

మూవ్‌మెంట్ అమెరికాది, వెండి కేసు మాత్రం ఇంగ్లండ్‌ది. మూత లోపల సింహం గుర్తు, లంగరు గుర్తు ఉన్నాయి. సింహం ఉంటే 92.5 శాతం వెండి అని, లంగరు ఉంటే బర్మింగ్‌హామ్‌లో పరీక్షించారని. రెండు దేశాల సరుకు ఒకే గడియారంలో ఉండటం చూసి కొందరు నకిలీ అనుకుంటారు, కాదు. వాల్తమ్ కంపెనీ పునాదుల్లో ఉన్న ఏరన్ డెనిసన్ తర్వాత ఇంగ్లండ్ వెళ్ళి బర్మింగ్‌హామ్‌లో కేసుల తయారీ పెట్టాడు. బ్రిటిష్ మార్కెట్‌కి వచ్చిన వాల్తమ్‌లు ఆ కేసుల్లో ఎన్నో కనిపిస్తాయి.

ఆ గుర్తుల పక్కన, సూదితో గీసినట్టు సన్నగా, ఉర్దూ అంకెల్లో 1346 అని ఉంది. దాని సంగతి చివర్లో చెబుతాను.

నేను అనుకున్నది, చేసింది

పడుకోబెడితే తిరిగి, నిలబెడితే ఆగే గడియారం అనగానే నా ఆలోచన ఒక దారిలో వెళ్తుంది. పడుకున్నప్పుడు, లోపల అటూ ఇటూ ఊగే బాలెన్స్ చక్రం తన ఇరుసు మొన మీద, బొంగరంలా తిరుగుతుంది. నిలబెడితే ఇరుసు పక్క భాగం కెంపు రంధ్రానికి ఆనుకుని రాసుకుంటుంది. రాపిడి పెరిగి ఊపు తగ్గుతుంది. కాబట్టి నూనె ఎండిపోయి ఉండాలి, లేదా ఇరుసు అరిగి ఉండాలి. ఈ రెండూ కాకపోతే బాలెన్స్ బరువు ఒక పక్కకు ఎక్కువై ఉండాలి.

టైమ్‌గ్రాఫర్ (టిక్ శబ్దం విని వేగం, ఊపు చూపించే మెషిన్) మీద పెట్టాను. ఊపు అంటే బాలెన్స్ మధ్య నుంచి ఒక వైపుకు తిరిగే కోణం. పడుకోబెడితే ఊపు 190 డిగ్రీలు, నిలబెడితే 140. రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు పోతోంది. పక్కన దిక్సూచి పెడితే బాలెన్స్ ఊగినప్పుడల్లా దాని ముల్లు కూడా వణికింది. అంటే బాలెన్స్‌ను వెనక్కి లాగే సన్నటి చుట్ల హెయిర్ స్ప్రింగ్‌కి అయస్కాంతం పట్టింది. పాతవి ఉక్కు స్ప్రింగులు, ఫోన్ స్పీకర్‌లోని అయస్కాంతం చాలు. చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటే స్ప్రింగ్ పొట్టిదైనట్టు పనిచేసి గడియారం పరుగెడుతుంది. అయస్కాంతం తీసేశాక రోజుకు నలభై సెకన్ల తేడాకు దిగింది.

ఇక్కడ నేను ఆగి ఆలోచించాల్సింది. అయస్కాంతం పడితే గడియారం సాధారణంగా ముందుకు పోతుంది, కదిపితే నడిచి కదపకపోతే ఆగడం దాని లక్షణం కాదు. కానీ ఒక తప్పు దొరికాక రెండోది వెతకడంలో చురుకు తగ్గుతుంది. నాకూ అంతే అయింది.

విప్పాను. ఇరుసు రెండు కొనలూ బాగున్నాయి, అద్దంలా మెరుస్తున్నాయి. నూనె మాత్రం గోధుమరంగు జిగురైపోయింది. బాలెన్స్ చక్రం కింద రోలర్ అనే చిన్న బిళ్ళ ఉంటుంది. దానికి నిలువుగా గుచ్చినట్టు ఒక కెంపు పిన్ను, పిన్ను చుట్టూ కూడా అదే మురికి పొలుసు కట్టి ఉంది. ఈ పిన్నే గడియారానికి ప్రాణం. సెకనుకు ఐదుసార్లు అది లివర్ అనే చిన్న మీట గాడిలోకి దూరి బయటికి వస్తుంది. అలా వస్తేనే టిక్, లేకపోతే నిశ్శబ్దం. ఐగ్లాస్‌తో చూశాను. నిటారుగానే ఉంది, పగుళ్ళు లేవు. బాలెన్స్‌ను, లివర్‌ను వైట్ పెట్రోల్‌లో ముంచి, మెత్తటి కుంచెతో ఆ పొలుసంతా తుడిచేశాను. పని శుభ్రంగా వచ్చిందని సంతోషం కూడా వేసింది.

కొత్త నూనె వేశాను. వేగంగా తిరిగే ఇరుసులకు పల్చటిది, మెయిన్ స్ప్రింగ్ ఉండే డబ్బాకు చిక్కటిది. బిగించాను. పడుకోబెడితే ఊపు 310, నిలబెడితే 270.

వందేళ్ళు దాటిన గడియారానికి 310 అంటే గొప్ప సంగతే. అనుమానించాల్సిన సంగతి కూడా. నాకు కాస్త అనుమానం రాకపోలేదు. కానీ మెషిన్‌లో లిఫ్ట్ యాంగిల్ (ఊపు లెక్కకట్టడానికి మెషిన్‌కి ఇచ్చే కోణం) 52 అని ఉంది, ఈ మూవ్‌మెంట్‌ది అంతకంటే తక్కువ అయ్యుంటుంది, అలాంటప్పుడు మెషిన్ అసలు ఊపు కంటే ఎక్కువ చూపిస్తుంది, నిజానికి 280 ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. లెక్క తప్పు కాదు. అవసరమైన చోట అనుమానాన్ని చంపడానికి వాడుకున్నాను, తప్పు అదే.

మూడు రోజులు స్టాండ్‌కి నిలువుగా వేలాడదీశాను. ఒక్కసారి కూడా ఆగలేదు. ఇచ్చేశాను. ఫోన్ వేరే జేబులో పెట్టుకోమని చెప్పాను.

తిరిగొచ్చింది

తొమ్మిదో రోజు ఫోన్. "నీ దగ్గరికి రాకముందు బల్ల మీదైనా తిరిగేది కదా బాబూ!"

ఇప్పుడు ఎక్కడ పెట్టినా ఆగుతోంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. తెప్పించుకుని మళ్ళీ విప్పాను. లోపల నలుసు పడిందేమో చూశాను, లేదు. హెయిర్ స్ప్రింగ్ పక్కనున్న దానికి తగులుతోందేమో చూశాను, లేదు. లివర్ చివరనున్న రెండు కెంపుల మీద నూనె ఎక్కువైందేమోనని తుడిచి మళ్ళీ వేశాను. ఆ రాత్రంతా నడిచి పొద్దున్నే ఆగింది. ఇలా ఏవేవో చేస్తూ రెండు వారాలు పోగొట్టాను. వాటిని వరసగా రాయడం అనవసరం, ఏదీ ఒక కారణం అనుకుని చేసింది కాదు.

చివరికి పత్తర్‌గట్టిలో ఉండే మా ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్ళాను. నాకు పని నేర్పింది ఆయనే. ఇప్పుడు కొట్టు మూసేశారు. చూపు బాగా తగ్గింది, రెండు కళ్ళకూ ఆపరేషన్ అయింది. బాలెన్స్‌ను చిమ్టాతో పట్టుకుని చూపించబోతే, "నాకు చూపించకు, చేతికివ్వు" అన్నారు. అగ్గిపుల్ల ఒకటి తీసి బ్లేడుతో కొన చెక్కారు. రోలర్‌ను బొటనవేలి గోరు మీద ఆనించి, ఆ కొనతో కెంపు పిన్నును మెల్లగా పక్కకు నెట్టారు.

"హిల్ రహా హై, మియా."

కదులుతోంది. నేను ఐగ్లాస్‌తో నాలుగుసార్లు చూసిన పిన్ను. చూస్తే నిటారుగానే ఉంటుంది, ముట్టుకుంటేనే ఊగుతుంది. నాకు కళ్ళు బాగున్నాయి కాబట్టి ముట్టుకోలేదు.

అసలు జరిగింది

ఆ కెంపు పిన్నును, లివర్ చివరి రెండు కెంపులను వాటి గాళ్ళలో పట్టి ఉంచేది లక్క. జిగురు కాదు, సిమెంటు కాదు, లాడ్ బజార్‌లో గాజులు చేసే లక్కే, వడపోసి శుద్ధి చేసినది. ఆ రోజుల్లో లోకానికి లక్క ఎక్కువగా మన దేశం నుంచే పోయేది. అక్కడెక్కడో మసాచుసెట్స్‌లో కూర్చిన కెంపును పట్టి ఉంచిన లక్క మన అడవుల్లో పురుగు పెట్టినదే అయ్యుండొచ్చు అనుకుంటే నాకు ఇప్పటికీ గమ్మత్తుగా ఉంటుంది.

లక్కకు స్పిరిట్ పడదు, కరిగిపోతుంది. అల్మారాకు పాలిష్ పెట్టే వడ్రంగిని అడిగితే చెబుతాడు, ఆయన పాలిష్ తయారుచేసేదే లక్క రేకులను స్పిరిట్‌లో నానబెట్టి. రెండో రిపేరాయన గడియారాన్ని "మొత్తం" కడిగినప్పుడు స్పిరిట్‌లోనే ముంచి ఉంటాడు. పిన్ను మొదట్లో లక్క ఉండాల్సిన చోట నాకు ఖాళీ గాడే కనిపించింది. కానీ ఆయన కడిగినప్పుడే పిన్ను రాలిపోలేదు. ఎందుకంటే తర్వాత వేసిన నూనె ఎక్కువై, దుమ్ముతో కలిసి గట్టిపడి, పిన్ను చుట్టూ పొలుసు కట్టి దాన్ని పట్టుకుంది. బల్ల మీద నిదానంగా ఊగేటప్పుడు ఆ పట్టు చాలేది, స్కూటర్ కుదుపులకు చాలేది కాదు. అంటే గడియారాన్ని నడిపించింది ఆ మురికే, నేను సంతోషంగా తుడిచేసిందీ ఆ మురికినే. వైట్ పెట్రోల్ లక్కను కరిగించదు, జిడ్డును కరిగిస్తుంది. లక్క ఉన్న గడియారానికి అది మంచి ద్రవం. లక్క లేని ఈ గడియారంలో ఉన్న ఒక్క ఆధారాన్నీ తీసేసింది.

ఇంకో సంగతి ఉంది. తొమ్మిది రోజుల్లోనే ఇంత పాడవడానికి వదులు పిన్ను ఒక్కటే కారణం కాదనిపించింది. అప్పుడు ఆ 310 గుర్తొచ్చింది. మెయిన్ స్ప్రింగ్ బయటికి తీసి మైక్రోమీటర్‌తో కొలిచాను. 0.22 మిల్లీమీటర్లు. ఈ మూవ్‌మెంట్‌కి సరిపోయేది 0.19 దగ్గర. తేడా వెంట్రుక మందం కూడా లేదు, కానీ స్ప్రింగ్ బలం మందం ఘనంతో పెరుగుతుంది. 0.22ను 0.19తో భాగించి ఘనం చేస్తే ఒకటిన్నర రెట్లు. మొదటి రిపేరాయన దగ్గర ఆ మందందే ఉన్నట్టుంది, అదే వేశాడు. మురికి ఉన్నన్నాళ్ళూ ఆ అదనపు బలం రాపిడిలోనే పోయింది. నేను మురికి తీసేసరికి మొత్తం బలం బాలెన్స్‌కి అందింది. పెద్దాయన పొద్దున్నే కీ పూర్తిగా ఇచ్చి స్కూటర్ ఎక్కగానే బాలెన్స్ దాదాపు చుట్టు తిరిగొచ్చి, పిన్ను లివర్‌ను వెనక వైపు నుంచి గుద్దేది. వదులుగా ఉన్న పిన్నుకు రోజూ సుత్తి దెబ్బలు. నేను ఊపు కొలిచింది మాత్రం కీ ఇచ్చిన ఆరేడు గంటల తర్వాత.

పని చేసిన పద్ధతి

లక్క కోసం ముందు లాడ్ బజార్ వైపే చూశాను, అక్కడి లక్కలో రంగు, పొడి, ఇంకా ఏవేవో కలుపుతారు. పనికిరాదు. వడ్రంగులు వాడే మేలురకం లక్క రేకులు కొంచెం తెచ్చుకున్నాను. ఒక రేకును దీపం దగ్గర మెత్తబరిచి రెండు చిమ్టాల మధ్య లాగితే పాకం తీగలా సాగుతుంది. చల్లారాక పుటుక్కున విరుగుతుంది. ఆ తీగ ముక్క ఆవగింజలో పావు వంతు ఉంటే చాలు.

బాలెన్స్ నుంచి రోలర్‌ను విడిగా తీశాను. తీయకుండా అలాగే వేడి చేసేవాళ్ళూ ఉన్నారు, కానీ వందేళ్ళ నాటి హెయిర్ స్ప్రింగ్‌ను వేడి దగ్గరికి తీసుకెళ్ళడం నాకు ఇష్టం ఉండదు. రోలర్‌ను ఇత్తడి పట్టుకారులో బిగించి, పిన్నును గాడిలో నిలబెట్టి, పట్టుకారు తోకను స్పిరిట్ దీపం మీద పెట్టాను. వేడి ఇత్తడి వెంట మెల్లగా పాకుతుంది. ఎనభై డిగ్రీల చుట్టుపక్కల లక్క ముక్క చెమర్చినట్టయి, గుండ్రబడి, పిన్ను మొదట్లోకి తనంతట తానే జారింది. అప్పుడు దీపం తీసి, గట్టిపడేలోపు పిన్నును సరిచేయాలి. దానికి దొరికేది మూడు నాలుగు సెకన్లు. ఈ పిన్ను పూర్తి గుండ్రం కాదు, ఒక వైపు చదునుగా ఉంటుంది. ఆ చదును బయటి వైపు ఉండాలి, పిన్ను రెండు వైపుల నుంచి చూసినా నిటారుగా కనిపించాలి. మొదటిసారి ఒక వైపు నుంచి చూసి సరే అనుకున్నాను, పక్కకు తిప్పి చూస్తే వాలి ఉంది. మళ్ళీ వేడి చేశాను. మూడోసారికి కుదిరింది. చల్లారాక అగ్గిపుల్ల కొనతో నెట్టి చూశాను.

స్పిరిట్ పిన్ను లక్కను తినేస్తే లివర్ కెంపుల లక్కను వదులుతుందా? ఈ ప్రశ్న వేసుకోకపోతే మూడోసారి కూడా తిరిగొచ్చేది. ముట్టుకుని చూస్తే ఒక కెంపు గట్టిగానే ఉంది, రెండోది సన్నగా లోపలికి జరిగింది. అలా జరిగితే, లివర్ ఒక్కో పన్నే ఆపి వదిలే ఎస్కేప్ చక్రం పళ్ళకు అది ఇచ్చే పట్టు పల్చబడి, కుదుపు వస్తే పన్ను జారిపోతుంది. దాన్ని బయటికి లాగి లక్క పెట్టి, ఎస్కేప్ చక్రంలోని పదిహేను పళ్ళనూ ఒక్కొక్కటిగా వదిలి చూశాను. ప్రతి పన్నూ కెంపు మీద పడి ఆగాలి, కానీ విడిపించుకోవడానికి ఎక్కువ బలం అడగకూడదు. ఒక సాయంత్రం మొత్తం దీనికే పోయింది.

తగిన మెయిన్ స్ప్రింగ్ వేశాక ఊపు పడుకోబెడితే 265, నిలబెడితే 225. అంతకుముందు కంటే తక్కువ. ఈసారి నచ్చింది. కీ ఇచ్చిన వెంటనే ఒకసారి, ఇరవై నాలుగు గంటలకు ఒకసారి కొలిచాను.

స్టాండ్ మీద ఎన్ని రోజులు వేలాడదీసినా స్కూటర్‌కి సమానం కాదని తెలిసిపోయింది. అందుకే కీ పూర్తిగా ఇచ్చి, చొక్కా జేబులో వేసుకుని, ఏప్రిల్ మధ్యాహ్నం కోఠీ నుంచి చార్మినార్ దాకా, మళ్ళీ వెనక్కి, వారం రోజులు నా బండి మీద తిప్పాను. మదీనా దగ్గర ట్రాఫిక్‌లో నిలబడి చెవి దగ్గర పెట్టుకుని వింటుంటే పక్క ఆటో అతను "ఫోన్ పనిచేయట్లేదా అన్నా?" అన్నాడు.

రెండోసారి చేసిన పనికి డబ్బు తీసుకోలేదు. మెయిన్ స్ప్రింగ్ ఖరీదు మాత్రం ఆయన బలవంతంగా ఇచ్చారు. అప్పటి నుంచి నా బల్ల మీద క్రమం మారింది. కడగక ముందే, మురికి ఉన్నప్పుడే, లక్క ఉన్న మూడు చోట్లా పుల్లతో నెట్టి చూస్తున్నాను. ఊపు 300 దాటితే స్ప్రింగ్ మందం కొలుస్తున్నాను. ఇంతకుముందు ఎవరైనా కడిగారా, దేంతో కడిగారు అని అడుగుతున్నాను. తెలియదంటే స్పిరిట్‌తోనే అనుకుని మొదలుపెడుతున్నాను.

రైల్వే గడియారమేనా?

తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు పెద్దాయన రెండు మాటలన్నారు. వెండి అంగడిలో మెరుగు పెట్టిస్తానన్నారు. ఇది రైల్వేదని ఒక కాగితం మీద రాసిమ్మన్నారు.

రెండో దానికి కాదనాల్సి వచ్చింది. రైల్వే ఇచ్చిన గడియారాల మీద సాధారణంగా ఆ రైల్వే పేరు పొడి అక్షరాల్లో, ఒక నంబర్‌తో చెక్కి ఉంటుంది. దీని మీద అలాంటిది లేదు, చెరిపేసిన గుర్తు కూడా లేదు. ఆయన మొహం చిన్నబోయింది. అప్పుడు మూత తీసి ఐగ్లాస్ ఇచ్చి ఆ 1346 చూపించాను. రిపేరు చేసినవాళ్ళు మూత లోపల ఇలా గీసుకోవడం పాత అలవాటు. నిజాం రాజ్యంలో సర్కారీ లెక్కలు ఫసలీ సంవత్సరాల్లో నడిచేవి. ఫసలీ అయితే ఇది 1936-37. హిజ్రీ అయితే 1927-28. రెండిట్లో ఏదో ఆ నాలుగు అంకెలను బట్టి తేల్చలేం. ఏదైనా సరే, మీ తాతగారి కాలంలో ఇది ఈ ఊళ్ళోనే, ఉర్దూ రాసే ఒక గడియారాలాయన బల్ల మీద ఉంది, దానికి సాక్ష్యం ఇదిగో అన్నాను. మెరుగు పెడితే ముందు పోయేది ఇదే, తర్వాత సింహం, లంగరు.

మెరుగు పెట్టించలేదు.

నేను మూత లోపల గీతలు గీయను. కాగితం మీద రాసి డబ్బాలో పెడతాను. తారీఖు, వేసిన స్ప్రింగ్ మందం, కింద "కెంపులు లక్కతో అతికినవి, స్పిరిట్‌లో ముంచవద్దు" అని రాశాను. పెద్దాయన చదివి, ముందుముందు దీన్ని విప్పేవాడికి తెలుగు రాకపోతే ఎలా అన్నారు. నిజమే. సాయంత్రం పత్తర్‌గట్టి వెళ్ళి ఉస్తాద్‌తో ఆ చివరి వాక్యం కింద ఉర్దూలో ఒక పంక్తి రాయించుకొచ్చాను. చూపు ఆనక అక్షరాలు కాస్త పెద్దగా, వంకరగా వచ్చాయి. మడిచి డబ్బాలో పెట్టి మర్నాడు ఇచ్చేశాను.